పాల లెక్క, పురుగుల లెక్క

మా ఇంట్లో ఒకే ఒక్క డైరీ. ముందు నుంచి తెరిస్తే పాల లెక్క, వెనక నుంచి తెరిస్తే నా ప్రకృతి పరిశీలన. ముందు వైపు మా ఆవిడ రాస్తుంది: తారీఖు, లీటరు, అర లీటరు, రాలేదు. వెనక వైపు నేను రాస్తాను: తారీఖు, స్థలం, రంగు, కాళ్ళు, పేరు, అనుమానం. చివరి గడి తప్ప మిగతావి నా పేజీల్లో చాలావరకు ఖాళీ. ఎవరి వైపు నుంచి వాళ్ళు రాసుకుంటూ వస్తే రెండు లెక్కలూ డిసెంబరులో ఎక్కడో కలుసుకోవాలి. నేను కాస్త ఉత్సాహంగా రాయడం వల్ల ఈ ఏడు జులై ఒకటో తారీఖునే కలుసుకున్నాయి. కలుసుకున్న చోటే నా పరువు పోయింది.

ముప్పై మూడేళ్ళు ఒక ఆఫీసులో ఫైళ్ళ మీద నంబర్లు వేసి రిటైరయ్యాను. రిటైరైన మనిషికి ఒక వ్యాపకం ఉండాలని అందరూ చెప్పారు. ఆ వ్యాపకం ఇంటి బయట ఉండాలని మా ఆవిడ చెప్పింది. మేముండేది బొగ్గులకుంటలో, నాలుగు పోర్షన్ల పాత ఇంట్లో. అక్కడి నుంచి ఆబిడ్స్ జీపీఓ దాకా నడిచి వెళ్ళొచ్చు. ఆదివారం దుకాణాలు షట్టర్లు దించితే ఆ మెట్ల మీదా ఫుట్‌పాత్ మీదా పాత పుస్తకాలు పరుస్తారు. గ్రూప్ పరీక్షల గైడ్లు, అట్ట లేని నవలలు, ఎవరో అమెరికా వెళ్తూ వదిలేసిన ఇంజనీరింగ్ పుస్తకాలు. మార్చిలో ఒక ఆదివారం వాటి మధ్య అరచేతిలో పట్టే చిన్న పుస్తకం దొరికింది. ఇంగ్లీషు పల్లెల్లో తిరుగుతూ పురుగులనీ అడవి పూలనీ గుర్తుపట్టడం ఎలాగో బొమ్మలతో చెప్పే పుస్తకం. నూటయాభై అన్నాడు, ఎనభైకి ఇచ్చాడు. వెంటనే ఒప్పుకున్నాడంటే నలభైకి రావాల్సిందన్నమాట. గుర్తుపట్టడంలో నా మొదటి పొరపాటు అది.

రెండోది, ఆ పుస్తకం ఏ దేశానిదో పట్టించుకోకపోవడం. వెచ్చటి వేసవి మధ్యాహ్నం పొలాల గట్ల వెంట తీరిగ్గా నడవమంటుంది. మాకు మే నెల మధ్యాహ్నమంటే 42 డిగ్రీలు. ఆ వేళ గట్ల వెంట తీరిగ్గా నడిచేది వడగాలి ఒక్కటే. వాళ్ళ వేసవిలో పురుగూ పువ్వూ బయటికొస్తాయి, మన వేసవిలో పురుగుకు ఉన్న బుద్ధి కూడా మనిషికి లేక మనిషొక్కడే బయట తిరుగుతాడు. మనకు మట్టిలోంచి ప్రాణులు లేచేది మృగశిర కార్తె వచ్చాకే. ఇదంతా ఇప్పుడు తెలిసింది. అప్పుడు మాత్రం ఎనభై రూపాయలు పెట్టి కొన్నాను కాబట్టి పొద్దున్నే అయిదున్నరకు లేచి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు బయల్దేరాను.

ఆ తోట పాతపేరు బాగ్-ఎ-ఆమ్. చిన్నప్పుడు ఆ పేరు విని మామిడితోట అనుకునేవాణ్ణి. ఆమ్ అంటే మామిడిపండు కదా. కాలేజీలో ఉర్దూ వచ్చిన మిత్రుడు ఈ ఆమ్ వేరు, దీనికి అందరిదీ అని అర్థం అని చెప్పేదాకా అక్కడ మామిడిచెట్లు వెతికాను. ఆబిడ్స్ సంగతీ అంతే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఇక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, ఆయనా పోయాడు. పేరు మాత్రం బస్సుల మీద తిరుగుతోంది. ఇటువంటి ఊళ్ళో పుట్టినవాడు మొక్కల పేర్లు వెతకడానికి బయల్దేరకూడదు.

మొదటిరోజు జూబిలీ హాల్ దగ్గర గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒక పురుగు కాళ్ళు లెక్కపెడుతున్నాను. ఆరుంటే కీటకం, ఎనిమిదుంటే సాలీడు వంశం. అది నిలబడితే కదా! వాకింగ్‌కు వచ్చిన పెద్దాయన ఒకరు ఆగి, "క్యా గుమా మియా, చాబీ?" అన్నాడు. అరవై ఏళ్ళవాణ్ణి పురుగు కాళ్ళు లెక్కపెడుతున్నానని చెప్పడానికి నోరు రాక, అవునన్నాను. ఆయన కర్ర పక్కన పెట్టి వంగాడు. ఇంకో ఇద్దరు చేరారు. చెమటలు కక్కుతూ పావుగంట వెతికారు. నా సిగ్గుకు పరాకాష్ఠ ఏమిటంటే తాళంచెవి దొరికింది. ఎవరిదో, ఎప్పటిదో, తుప్పుపట్టింది. నా చేతిలో పెట్టి, భుజం తట్టి, ఇకమీదట మొలతాడుకు కట్టుకొమ్మని చెప్పి వెళ్ళారు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. డైరీలో ఆ రోజు పరిశీలన: తాళంచెవి, ఒకటి.

ఇలా నెల గడిచింది. పుస్తకంలో ఉన్న పువ్వేదీ తోటలో లేదు, తోటలో ఉన్న పువ్వేదీ పుస్తకంలో లేదు. అయినా పట్టు వదలకుండా ప్రతిదాన్నీ ఏదో ఒక బొమ్మకు జత చేశాను. గాయపాకును డైసీ అన్నాను. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే దాని పసరే పిండుకున్నాం. అదే గడ్డిచామంతి, మధ్య అమెరికా నుంచి వచ్చి మన గోడల వారనంతా ఆక్రమించింది. అదైనా నయం, చామంతి కుటుంబంలోనే ఉంచాను. అసలు ఘనకార్యం వయ్యారిభామ విషయంలో జరిగింది.

స్టేషన్ వైపు ఒక ఖాళీ స్థలంలో నడుములోతు పెరిగి, చిట్టిచిట్టి తెల్లపూలతో ఊగుతోంది. పుస్తకంలో ఉన్న ఒక సుగంధపు పువ్వుకు అచ్చంగా కవల అనిపించింది. రెండు చేతులా కోసి, ఆటోలో తెచ్చి, స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, టీవీ పక్కన పెట్టాను. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మా ఆవిడకు నేను తెచ్చిన మొదటి పూలగుత్తి అది. ఆమె మొదట కరిగిపోయింది. తర్వాత తుమ్మింది. తర్వాత నేను తుమ్మాను. మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "డాడీ, అది కాంగ్రెస్ గడ్డి" అంది. 1950ల్లో దేశంలోకి దిగుమతి గోధుమల్లో కలిసి వచ్చిందని చెప్పుకునే కలుపు. దాని పుప్పొడికి తుమ్ములు, చర్మానికి దద్దుర్లు, కొందరికి ఆయాసం. నాకు మూడూ వచ్చాయి. వయ్యారిభామ అని పేరు పెట్టినవాడు కూడా నాలాగే ఎప్పుడో ఇంటికి తెచ్చి ఉంటాడు.

ఆయాసం చూసి మా ఆవిడ నన్ను మృగశిర నాడు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇచ్చే చేపప్రసాదానికి తీసుకెళ్తానంది. బతికున్న కొరమీను పిల్ల నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి, దాన్ని మన గొంతులోకి జారవిడుస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. నేను చేపలు తినేవాణ్ణే అయినా ఆ క్షణంలో శాకాహారినయ్యాను. క్యూ చూసి వెనక్కి వచ్చేశాం. ఆ క్యూలో నిలబడ్డ ఒక మనిషి చేతిలోని కొరమీను పిల్లను మాత్రం సరిగ్గా గుర్తుపట్టానని మనవి.

అసలు కథ మా అత్తమ్మ రాకతో మొదలవుతుంది. ఏప్రిల్‌లో కంటి ఆపరేషన్ కోసం జహీరాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. రెండు కళ్ళకూ శుక్లాలు. ఎండలు తగ్గాక చేయించుకుంటానంది కాబట్టి రెండు నెలలు మా ఇంట్లోనే. ఆమె పాతకాలం మనిషి, అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. చెప్పాల్సిందేదైనా కూతురికి చెబుతుంది, నేను పక్కనే ఉన్నా సరే. "మీ ఆయనకు చాయ్ చల్లారుతున్నదని చెప్పు బిడ్డా." ఆ మాట నాకు వినబడుతుంది. అయినా మా ఆవిడ నావైపు తిరిగి, "చాయ్ చల్లారుతున్నదంట" అంటుంది. అప్పుడే నేను తాగాలి. మర్యాదకు ఓ పద్ధతుంది.

ఒకరోజు ముగ్గురం పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్ళాం. నేను పుస్తకం తెరిచి ఉపన్యాసం మొదలుపెట్టాను. అత్తమ్మ వినడం లేదు. వంగి, చేత్తో తడిమి, ఆకు నలిపి, వాసన చూసి, కొంగులో వేసుకుంటోంది. నీళ్ళ పైపు కారే చోట పొన్నగంటి. దారి పక్కన గంగవాయిలి. గోడ మూల అటికమామిడి. "గిది చెంచలి. గిది తుమ్మి, వినాయక చవితికి వండుతం. గిది గొడ్లు తింటయి, మనం తినం. గిది కరువుల తిన్నం." చివరి మాట ఆమె మామూలుగానే అంది. ఆకు కొంగులో వేసుకోలేదు, అక్కడే వదిలేసింది.

మసక కళ్ళతో ఆమె పావుగంటలో పద్నాలుగు మొక్కలు చెప్పింది. నేను కళ్ళజోడుతో, భూతద్దంతో, ఎనభై రూపాయల పుస్తకంతో నెల రోజుల్లో చెప్పింది ఒక్క తాళంచెవి. ఆమె పద్ధతిలో కేసరాలు లెక్కపెట్టే పని లేదు. తినేది, తిననిది, రాసుకునేది, దేవుడికి పెట్టేది, గొడ్డుకు వేసేది. వాచ్‌మన్ పూలు కోస్తున్నామేమోనని పరుగెత్తుకొచ్చాడు. కొంగు చూసి తగ్గి, "పొన్నగంటి ఉంటే జర ఇయ్యమ్మా, కండ్లకు మంచిదంట" అని గుప్పెడు తీసుకెళ్ళాడు. రోజూ నన్ను అనుమానంగా చూసే మనిషి. నాకు ఇంతవరకు నమస్తే కూడా పెట్టలేదు.

నిజానికి మన తెలుగు ఇళ్ళలో ఏడాదికోసారి వృక్షశాస్త్రం ప్రాక్టికల్ పరీక్ష జరుగుతుంది. వినాయక చవితికి 21 రకాల పత్రి. అపామార్గం అంటే ఉత్తరేణి, అర్కం అంటే జిల్లేడు, సింధువారం అంటే వావిలి, బృహతి అంటే ములక. మా తాతలు ముందురోజు ఊరి చుట్టూ తిరిగి ఇరవై ఒక్కటీ కోసుకొచ్చేవారట. నేను మొజంజాహి మార్కెట్ దగ్గర కట్ట కొంటాను. పూజలో మాచీపత్రం అనగానే కట్టలోంచి చేతికి దొరికిన ఆకు పెడతాను, బదరీపత్రం అన్నా అదే. ఒక్కోసారి కట్టకు చుట్టిన నార కూడా పెట్టాను. వినాయకుడు ఇంతవరకు ఎవర్నీ ఫెయిల్ చేసినట్టు లేదు.

గార్డెన్స్‌లో జరిగిన అవమానం తట్టుకోలేక ఆ రాత్రి భోజనాల దగ్గర చరిత్ర ఎత్తుకున్నాను. 1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు డాక్టరు సామర్లకోటలో తోట వేసి, కోస్తా మొక్కలకు చిత్రకారులతో బొమ్మలు వేయించి, మనవాళ్ళు చెప్పిన తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడని చెప్పాను. కట్లపాము జాతికి శాస్త్రంలో ఉన్న బంగారస్ అనే పేరు మన బంగారమేనని, ఇంగ్లీషు వాళ్ళ బ్యాండికూట్ మన పందికొక్కేనని, ఆస్ట్రేలియాలో ఇంకేదో జంతువుకు కూడా ఆ పేరే అంటగట్టారని, ఆ విధంగా పందికొక్కు తెలుగువాళ్ళు ప్రపంచానికిచ్చిన మాట అని ముగించాను.

"బియ్యం సంచి కాడ ఒకటున్నది. దాన్ని గూడ ఇచ్చేయున్రి" అంది మా ఆవిడ.

అప్పుడు రోనాల్డ్ రాస్‌ను బయటికి తీశాను. 1897 ఆగస్టు 20న ఈ జంటనగరాల్లోనే, సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. నాకు ధైర్యమిచ్చే సంగతేమిటంటే రాస్‌కు దోమల జాతుల పేర్లు సరిగ్గా తెలియవు. రెక్కల మీద మచ్చలున్న దోమ అని రాసుకున్నాడు, అంతే. అయినా 1902లో నోబెల్ ఇచ్చారు. కాబట్టి నేను సాయంత్రాలు గార్డెన్స్‌లో కూర్చుని దోమలతో ఉచితంగా కుట్టించుకోవడం శాస్త్ర సేవే.

"ఆయనకు నోబెల్ వచ్చింది. మీకు డెంగీ వస్తది" అంది.

ఏప్రిల్ చివర్లో పల్లెటూరి నడక అంటే ఏమిటో చూపిద్దామని కుటుంబాన్ని అనంతగిరికి బయల్దేరదీశాను. నాంపల్లి స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కి వికారాబాద్‌లో దిగి, ఆటోలో కొండ మీదికి. అనంతపద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి, మూసీనది పుట్టుక. సన్నటి తేట నీటిధార చూపించి ఇదే మూసీ అంటే మా అమ్మాయి నమ్మలేదు. మూసీని వాసనతో గుర్తుపట్టడమే దానికి అలవాటు.

దర్శనం అయ్యాక అడవి దారి పట్టాం. నేను ముందు, మా ఆవిడ నాలుగడుగులు వెనక, అత్తమ్మ ఆమెకు మరో పదడుగులు వెనక, అమ్మాయి ఫోనులో. చెట్టు మీదికి పాకిన ఎండిన తీగకు కాయలు వేలాడుతున్నాయి. వంకర తిరిగి, బంగారు గోధుమరంగు మఖమల్ కప్పుకుని, ఎండలో మెరుస్తున్నాయి. చిక్కుడు జాతి! ఈసారి నిజంగానే కుటుంబం సరిగ్గా పట్టాను, అది చరిత్రలో రాసిపెట్టాలి. చెయ్యి చాచాను.

వెనక నుంచి అత్తమ్మ గొంతు: "బిడ్డా, దాన్ని ముట్టొద్దని మీ ఆయనకు చెప్పు."

"ఏందమ్మా?"

"ముట్టొద్దని చెప్పు."

"ఇగో, అమ్మ ఏదో ముట్టొద్దంటున్నది."

నేరుగా చెప్పి ఉంటే మూడు సెకన్లు పట్టేది. మర్యాద పాటించడం వల్ల పన్నెండు పట్టింది. దూలగొండికి అయిదు చాలు. అప్పటికి ఒక కాయ తెంపి, మెత్తదనం చూడటానికి చెంపకు రాసుకోవడం కూడా అయింది.

ఆ తర్వాత నేనేం చేశానో నాకు వరుసగా గుర్తులేదు. ఎగిరానట. నీళ్ళ సీసా నెత్తిన గుమ్మరించుకున్నాను. "నీళ్ళు పోయొద్దని చెప్పు" అని అత్తమ్మ, "ఏందమ్మా?" అని మా ఆవిడ, మళ్ళీ అదే ప్రయాణం. ఆ మాట నన్ను చేరేసరికి నూగు మెడ దాకా పాకింది. దూలగొండికి సంస్కృతంలో కపికచ్చు అని పేరు. ఆ నూగులో మ్యూకునైన్ అనే పదార్థం చర్మాన్ని మండిస్తుంది. అదే కాయలోని గింజల్లో ఎల్-డోపా ఉంటుంది. పార్కిన్సన్ జబ్బుకు వాడే మందు అది. ఇవన్నీ ఇంటికొచ్చాక చదివాను. అక్కడ మాత్రం పేరులోని మొదటి రెండక్షరాలు నేనే అయ్యాను.

విరుగుడు పేడ. దట్టంగా పట్టించి, ఎండాక పెచ్చులు ఊడదీస్తే నూగు దానితో పాటు వచ్చేస్తుందట. గుడి దగ్గర ఆవులకు కొదవలేదు. అత్తమ్మ తెచ్చి కూతురి చేతికిచ్చింది, కూతురు నాకు రాసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె అంత శ్రద్ధగా నాకు ఇంకేదీ రాయలేదు. రెండో చెంపకు కూడా రాసింది. దానికి దూలగొండి అంటలేదన్నాను. "ఉండనియ్యున్రి, సమానంగా ఉంటది" అంది.

తిరుగు రైలు కిక్కిరిసి ఉంది, మా బెంచీ చుట్టూ తప్ప. ఎదుటి సీట్లో కూర్చోబోయిన ఒకాయన నన్ను చూసి, గౌరవంగా దండం పెట్టి, పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, నాంపల్లి వచ్చేదాకా నన్ను గుర్తుపట్టలేదు.

ఇంత జరిగాక బుద్ధి ఉన్నవాడు ఆ పుస్తకాన్ని తిరిగి ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు అప్పగిస్తాడు. నేను పురుగుల వైపు మళ్ళాను. మొక్కలు కదలవు కాబట్టి తప్పు చెప్పినట్టు అందరికీ తెలిసిపోతుంది. పురుగైతే పేరు చెప్పేలోగా ఎగిరిపోతుంది.

మొదటగా బీరువా తాళం రంధ్రంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. దాన్ని తీయనివ్వలేదు. మనవాళ్ళ భ్రమరకీటక న్యాయం గుర్తుందిగా: పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మని తిరిగితే పురుగు కూడా భ్రమరమైపోతుందని, గురువు సాన్నిధ్యంలో శిష్యుడు అలాగేనని వేదాంతులు చెబుతారు. గూట్లో జరిగేది మాత్రం వేరు. కందిరీగ గూట్లో గుడ్డు పెట్టి, గొంగళిపురుగును కుట్టి, చావకుండా కదలకుండా చేసి, దాని పక్కన పడేస్తుంది. పుట్టిన పిల్ల ఆ గొంగళిని తిని పెరుగుతుంది. అంటే శిష్యుడు గురువైపోవడం కాదు, గురువుగారి పిల్లలకు టిఫిన్ అయిపోవడం. ఈ సంగతి ఇంట్లో అందరికీ వివరించాను. కందిరీగ గూడు కడితే ఆ ఇంట్లో ఎవరో నీళ్ళోసుకుంటారని అత్తమ్మ అంది. యాభై నాలుగేళ్ళ మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. మేనల్లుడి పెళ్ళికి కట్టుకోవాల్సిన పట్టుచీర బీరువాలోనే ఉండిపోయింది. హెయిర్‌పిన్‌తో గూడు తవ్వేసింది.

ఇక కల్యమాకు కేసు. కరివేపాకంటే మా ఇంట్లో ఎవరికీ తెలియదు, కల్యమాకే. వాకిట్లో పాత పెయింట్ బకెట్‌లో మా ఆవిడ అయిదేళ్ళుగా పెంచుతున్న చెట్టు. జూన్ మొదటివారం వాన పడ్డ మర్నాడు నలుపూ పసుపూ గళ్ళ సీతాకోకచిలుక ఒకటి వచ్చింది. ఒక్కో ఆకు మీద వాలి, ముందుకాళ్ళతో దరువేసి, లేచి, మళ్ళీ వాలింది. సీతాకోకచిలుకలు కాళ్ళతో రుచి చూస్తాయి. తన పిల్లలు తినే ఆకు ఇదేనా అని కాలితో నాలుగు దెబ్బలు వేసి తేల్చుకుంది. మా అత్తమ్మది చేతి పద్ధతి, దీనిది కాలి పద్ధతి. పుస్తకం ఎవరి దగ్గరా లేదు. ఏడు గుడ్లు పెట్టింది.

పిల్లలు చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటాయి, ఎవరూ తినకుండా. మా ఆవిడ రెండుసార్లు చూసి కాకుల్ని తిట్టింది. నేను నోరు విప్పలేదు. జీవితంలో మొదటిసారి ఒక పురుగుకు సరైన పేరు దొరికింది: పాపిలియో డెమోలియస్. ఆ పేరు నోట్లో చెగోడీలా కరకరలాడింది. చెప్పానంటే చీపురు వస్తుంది. కాబట్టి డైరీ వెనక పేజీల్లో మాత్రమే రాసుకుంటూ వచ్చాను.

ఒకరోజు అత్తమ్మ చెట్టు తడుముతూ ఒకదాన్ని ముట్టుకుంది. అది తల వెనక నుంచి నారింజరంగు కొమ్ముల జత బయటికి చాచి ఘాటు వాసన వదిలింది. అత్తమ్మ వేళ్ళు వాసన చూసుకుంది. మా ఆవిడ ఇంట్లో లేదు, చెప్పి పంపడానికి మనిషి లేదు. అత్తమ్మ కల్యమాకు చెట్టు వైపు తిరిగి దానితోనే అంది: "నిమ్మచెట్టు పురుగు గిది. నిమ్మాకు గూడ తింటది." నాకు మూడురోజులు పట్టిన పని. చెట్టు ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. అత్తమ్మ ఆ మాట కూతురికి ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ అడగలేదు, అడగాలంటే మా ఆవిడ ద్వారానే అడగాలి.

పెరిగేకొద్దీ ఆకుపచ్చగా, చిటికెనవేలంత అయ్యాయి. చెట్టు మాత్రం పుల్లలైంది. మా ఆవిడ అనుమానం పక్కపోర్షన్ మార్వాడీ భాభీ మీద పడింది. ఆ వారం వాళ్ళింట్లోంచి మజ్జిగ కఢీ తాలింపు వాసన రెండుసార్లు వచ్చింది, అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పదిహేనేళ్ళ స్నేహం. ఇక్కడి నుంచి దోసెపిండి, అక్కడి నుంచి ఢోక్లా. అన్నీ ఆగిపోయాయి. వాకిట్లో ఎదురుపడితే ఇద్దరూ చెరో కొళాయి వైపు చూడటం మొదలుపెట్టారు. నేను రోజూ మార్కెట్ నుంచి పదిరూపాయల కల్యమాకు తెచ్చాను. అందులో మందు కొట్టి ఉంటుందేమోనని పురుగులకు పెట్టలేదు. మేం తిన్నాం.

జులై ఒకటో తారీఖున పాలవాడితో మూడు అరలీటర్ల దగ్గర తగువు వచ్చింది. మా ఆవిడ లెక్క తేల్చడానికి పేజీలు తిప్పుకుంటూ తిప్పుకుంటూ మధ్యకు వచ్చేసింది. అక్కడ నా రాత: "జూన్ 19. నాలుగో దశ. రాత్రికి రాత్రి 11 రెమ్మలు. ఆవిడ భాభీని అనుమానిస్తోంది. మంచిదే."

ఆ మంచిదే అన్న మాట రాయకుండా ఉండాల్సింది.

రెండురోజులు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పప్పులో పోపు కూడా చిటపటమనలేదు. మూడోనాడు తెల్లవారి బట్టలారేసే తీగకు అంటుకున్న ప్యూపా ఒకటి చిట్లింది. ముడతలు పడ్డ తడిరెక్కలతో సీతాకోకచిలుక బయటికి వచ్చి వేలాడింది. నాకు తెలియకుండానే చెయ్యి ముందుకు వెళ్ళింది. వెనక నుంచి, కొత్తగా ఆపరేషన్ చేయించుకున్న కళ్ళకు నల్ల అద్దాలు పెట్టుకుని కుర్చీలో ఉన్న అత్తమ్మ గొంతు:

"అల్లుడా, రెక్కలు ఆరేదాంక ముట్టకు."

నేరుగా. మూడు సెకన్లు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వంటింటి గుమ్మంలో మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

తర్వాత శిక్ష. భాభీ ఇంటికెళ్ళి నిజం ఒప్పుకుని, నెలరోజులుగా మా దగ్గరే ఉండిపోయిన ఢోక్లా పళ్ళెం వాపసు ఇచ్చి రావాలి. దారిపొడవునా వాక్యాలు కూర్చుకున్నాను, దారి ఎనిమిదడుగులే అయినా. నేను నోరు తెరవకముందే భాభీ నన్ను వాళ్ళ వెనక వసారాలోకి పిలిచింది. కుండీలో నిమ్మమొక్క. ముళ్ళు తప్ప ఆకుల్లేవు.

"భాయీసాబ్, బురా మత్ మాన్నా. ఆప్ కీ మేడమ్ నీంబూ కా పత్తా తోడ్తీ క్యా?"

అంటే ఇన్నాళ్ళూ ఆమె కూడా మా ఆవిడనే అనుమానిస్తోంది. మిగిలిన ఒక్క రెమ్మ మీద రెండు, ఆకుపచ్చగా, చిటికెనవేలంత. ఈసారి పుస్తకం అక్కర్లేదు, వాసన అక్కర్లేదు, చూడగానే గుర్తుపట్టాను. కాకులని చెప్పాను. పళ్ళెం ఇచ్చి వచ్చేశాను.

ఆ రాత్రి డైరీలో రాశాను: "జులై 3. భాభీ నిమ్మ. అయిదో దశ, 2."

పొద్దున చూస్తే దాని కిందే మా ఆవిడ చేతిరాత: "పాలు, లీటరు. నిమ్మకాయలు, డజను, భాభీకి. పైసలు ఆయనవి."